మీకు తెలుసా? కంచెకు ఆవల తెలుగు సిపాయి

రెండు ప్రపంచ సంగ్రామములకును తన బిడ్డలను పంపి 'మిలిటరీ మాధవరము' అని ప్రసిద్ధికెక్కిన గ్రామము, తాడేపల్లిగూడెము మండలమున కలదు. అట్లు సముద్రములు దాటిన తెలుగు యువకుని అంతరంగమును వెండితెరకెక్కించిన చిత్రము, జాగర్లమూడి క్రిష్ దర్శకత్వమున 2015 అక్టోబరు 22న విడుదలయిన 'కంచె'.

కులభేదమువలన ప్రేయసిని కోల్పోయిన హరిబాబు (వరుణ్ తేజ్), ఆమె యన్నయే తనకు పై యధికారియైన దళమున రెండవ ప్రపంచయుద్ధము చేయుచు, యూదు రక్తము కలదను నెపమున నాజీలు చంపజూచిన పసికందును కాపాడుటకై తన ప్రాణమునే యొడ్డును. ఊరి నడుమ కులము కట్టిన కంచెయు, దేశముల నడుమ జాతిద్వేషము కట్టిన కంచెయు ఒక్కటియే యని ఇంత సూటిగా పలికిన తెలుగు చిత్రములు అరుదని నా నిశ్చితాభిప్రాయము. ఐరోపా రణరంగ దృశ్యములను జార్జియా దేశమున చిత్రీకరించిరి. ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము లభించినది.

యుద్ధమును నిరసించు చిత్రముల కోవకు పెద్దదిక్కు, రెమార్క్ నవల ననుసరించి లూయిస్ మైల్‌స్టోన్ 1930లో తీసిన 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్'. గురువుగారి వీరోపన్యాసమునకు పొంగి సైన్యమున చేరిన విద్యార్థులు, మొదటి ప్రపంచయుద్ధపు కందకముల బురదలో ఒక్కొక్కరుగా నేలకూలుదురు. ఆ యేడు డిసెంబరున బెర్లినులో నాజీ నాయకుడు గోబెల్స్ అనుచరులు ప్రదర్శనశాలలో తెల్లయెలుకలను వదలి, దుర్గంధపు బాంబులు విసరి అల్లరి చేయగా, దినముల వ్యవధిలోనే చిత్రము నిషేధింపబడెను. కడపటి దృశ్యమున సీతాకోకచిలుకకై చాచిన చేయి నాయకునిది కాదు, దర్శకునిది. నాయక పాత్రధారి ల్యూ ఏర్స్ రెండవ ప్రపంచయుద్ధమున ఆయుధము పట్టనని నిరాకరించి, లోకనిందకు వెరవక, పసిఫిక్ రణరంగమున క్షతగాత్రులకు వైద్యసేవ చేసెను.