విండోస్‌ను హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారుస్తున్నారా? ఈ వరుస తప్పొద్దు!

ల్యాప్‌టాప్ ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా ఇంకా డెస్క్‌టాప్ రాలేదా? టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తోందా? అయితే చాలావరకు తప్పు ప్రాసెసర్‌ది కాదు, లోపల గిర్రున తిరిగే హార్డ్ డిస్క్‌ది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, మంచి సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాటేస్తుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ చదవాల్సి వస్తే తేడా ఇంకా ఎక్కువ. విండోస్ బూట్ అయ్యేటప్పుడు జరిగేది అదే.

ఉన్న విండోస్‌ను యాప్‌లు, ఫైళ్లతో సహా ఉన్నదున్నట్టు కొత్త డ్రైవ్‌కి మార్చడమే క్లోనింగ్. పని సులువే. కానీ ఒక్క తప్పు క్లిక్‌తో కాలేజీ ప్రాజెక్టులు, ఫొటోలు అన్నీ పోవచ్చు.

ఏది కొనాలి?

హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవచ్చు. కొన్నింటిలో ఎం.2 స్లాట్ కూడా ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎం.2 అన్నది ఆకారం మాత్రమే, అందులో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి. మీ స్లాట్‌కి ఏది పనిచేస్తుందో మాన్యువల్‌లో చూశాకే ఆర్డర్ పెట్టండి. 500 జీబీ డ్రైవ్ విండోస్‌లో 465 జీబీగా కనిపిస్తుంది. మీ డేటా అంతకంటే ఎక్కువుంటే సినిమాలు, వీడియోలు ముందే వేరే చోటికి మార్చేయండి.

క్లోనింగ్‌కి ముందు

ముఖ్యమైన ఫైళ్లు ఇంకో డ్రైవ్‌లో బ్యాకప్ తీసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకుని, దాన్ని ఆఫ్ చేయండి. హార్డ్ డిస్క్ టక్‌టక్‌మని శబ్దం చేస్తుంటే క్లోనింగ్ జోలికి వెళ్లొద్దు. ముందు ఫైళ్లు కాపీ చేసుకుని, ఎస్‌ఎస్‌డీలో విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు.

అసలు పని

సాటా ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేబుల్ అడాప్టర్‌తో కనెక్ట్ చేయండి. చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే ఇస్తాయి. క్లోన్‌జిల్లా కూడా ఉచితమే, కానీ పెద్ద డిస్క్ నుంచి చిన్న డ్రైవ్‌కి నేరుగా కాపీ చేయదు. సీ డ్రైవ్ ఒక్కటే కాదు, మొత్తం డిస్క్‌ని ఎంచుకోండి. బూట్ ఫైళ్లు వేరే పార్టిషన్‌లో ఉంటాయి మరి! సోర్స్ అంటే పాతది, డెస్టినేషన్ అంటే కొత్తది. డెస్టినేషన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి మోడల్ పేరు రెండుసార్లు చదివాకే స్టార్ట్ నొక్కండి. చార్జర్ పెట్టే ఉంచండి.

మార్చాక

షట్‌డౌన్ చేసి, చార్జర్, బ్యాటరీ కనెక్టర్ తీశాకే డిస్క్ మార్చండి. మొదటిసారి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఆన్ చేయండి. బూట్ కాకపోతే బయోస్‌లో బూట్ ఆర్డర్ చూడండి. డ్రైవ్ ఒక్కటే మార్చితే విండోస్ యాక్టివేషన్ సాధారణంగా పోదు.

అంతా బాగానే ఉందని పాత డిస్క్‌ని అప్పుడే ఫార్మాట్ చేసేయకండి. కనీసం రెండు వారాలు పక్కన పెట్టండి. ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని కాపాడేది అదే!