స్ప్లిట్ ఏసీ మన ఇంటికి పనికొస్తదా? సుల్తానాబాద్ లెక్క

ఏప్రిల్ వచ్చిందంటే మన దిక్కు అందరు అడిగేది ఒక్కటే. "అన్నా, ఏసీ తీసుకోవాల్నా, కూలర్‌తోనే ఈ ఎండాకాలం కూడ ఎల్లదీయాల్నా?" ఈ ఎపిసోడ్‌ల కంపెనీ పేర్లు ఉండవు, ఆఫర్లు ఉండవు. మీ ఇంటికి ఏసీ సరిపోతదా, లేదా, అదొక్కటే చూద్దాం.

ముందుగాల ఒక మాట క్లియర్ చేస్త. అమెరికాల ఉన్న మన చుట్టాలు వీడియో కాల్‌ల "డక్ట్‌లెస్ పెట్టించినం" అంటే అదేదో కొత్త మిషన్ అనుకోకుండ్రి. అక్కడ చాలా ఇండ్లల్ల ఒకే మిషన్ నుంచి రేకు గొట్టాలు అన్ని రూములకు పోతయి, ఆ గొట్టాలనే డక్ట్ అంటరు. అవి లేకుండ గోడకు ఒక బాక్స్, బయట ఒక బాక్స్ ఉంటే డక్ట్‌లెస్. అంటే మన స్ప్లిట్ ఏసీయే. మన దగ్గర డక్టులు షాపింగ్ మాల్‌లనో, సినిమా హాల్‌లనో కనిపిస్తయి. మనకు పనికొచ్చే గుణం ఏందంటే, ఇల్లు మొత్తం కాకుండ పండుకునే ఒక్క రూమే చల్లగ చేసుకోవచ్చు.

ఇగ కూలర్ సంగతి. దాన్ని తక్కువ చేయకుండ్రి. రామగుండంల మే నెలల 45 డిగ్రీలు దాటుడు మనకు కొత్త కాదు, కాని ఆ ఎండ పొడి ఎండ. గాలిల తేమ లేనప్పుడు ప్యాడ్ మీది నీళ్లు జల్ది ఆవిరైతయి, ఆవిరయ్యేటప్పుడు గాలిలున్న వేడిని గుంజుకుంటయి. బయట 43 డిగ్రీలు ఉండి తేమ 15 శాతమే ఉంటే, మంచి గడ్డి ప్యాడ్లున్న కూలర్ నుంచి 27 డిగ్రీల దగ్గర గాలి రావచ్చు. అదే కూలర్ జూలైల పెట్టుండ్రి. బయట 32, తేమ 75 శాతం. నీళ్లు ఆవిరి కావు, రెండు మూడు డిగ్రీలే తగ్గుతది, పైకెల్లి దుప్పటి కూడ తడి తడి అయితది. అంటే కూలర్ మనల్ని మోసం చేసేది మే నెలల కాదు, వానలు మొదలైనంక ఉక్కపోతల. మీ బాధ మే ఎండనా, జూలై ఉక్కనా? దీనికి జవాబు తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

మిగిలిన సగం కరెంటు బిల్లు. ఇక్కడ కొంచెం ఆగి లెక్క వేద్దాం, ఎందుకంటే షాపుల ఎవ్వరు ఈ లెక్క చెప్పరు. గృహజ్యోతి కింద ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల లోపయితే జీరో బిల్లు. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలె. 2022 నుంచి నడుస్తున్న టారిఫ్ ప్రకారం, 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆ తర్వాతి వంద 7 రూపాయల 70 పైసలు, ఆపైన వంద 9 రూపాయలు. అంటే 201 యూనిట్లు కాలితే 1,027 రూపాయల పైన, ఇంకా మిగతా చార్జీలు వేరే. 200 కాలితే సున్నా. ఒక్క యూనిట్‌కు వెయ్యి రూపాయల తేడా!

ఇప్పుడు మీ ఇంట్ల ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ కలిపి నెలకు 90 యూనిట్లు కాలుతున్నయనుకుందాం. కూలర్ 200 వాట్లది రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు. మొత్తం 150, భయం లేదు. ఇన్వర్టర్ ఏసీ గంటకు సగటున 0.6 యూనిట్ తింటదనుకుంటే, రాత్రి 8 గంటలకు నెలకు 144. మొత్తం 234, బిల్లు 1,280 దాటుతది. అదే 6 గంటలు నడిపిస్తే 108, మొత్తం 198. గీత ఇవతల రెండు యూనిట్లు! టైమర్ పెట్టి తెల్లారగట్ల బంద్ చేసుకునే ఇంటికి ఏసీ సరిపోతది. "పెట్టినంక గిన్ని గంటలే అంటే ఎట్ల" అనే ఇంటికి ఆ బిల్లు కట్టే ఓపిక ఉండాలె. రీడింగ్ ఎన్ని రోజులకు తీసిండ్రో కూడ బిల్లు మీద చూసుకోండ్రి.

గంటకు ఎంత తింటదో తెలుసుకునేందుకు ఒక ఉపాయం ఉంది. ఏసీ మీద స్టార్ స్టిక్కర్‌ల ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటది. అది 1600 గంటల లెక్క. 800 అని ఉంటే గంటకు అర యూనిట్. కాని ఆ లెక్క ఏడాది సగటు వాతావరణానికి, మన మే నెలకు కాదు. కొంచెం ఎక్కువ వేసుకోండ్రి.

ఎంత ఎక్కువ అనేది స్లాబ్ చెప్తది. నా ఉద్దేశంల స్టార్ల కన్న, టన్నుల కన్న ముందు చూడాల్సింది ఇదే. పైన ఇంకో అంతస్తు లేని స్లాబ్ పగలంత ఎండను తాగి, సాయంత్రం నుంచి రాత్రి దాకా లోపలికి కక్కుతది. మీరు ఏసీ వేసే టైంకే అది మొదలైతది. 10 బై 12 రూముకు మామూలుగ ఒక టన్ను చాలు, కాని పై అంతస్తు స్లాబ్ కింద ఒకటిన్నర కావాలంటరు. ఆ మిషన్ గంటకు ఒక యూనిట్ తింటే 8 గంటలకు నెలకు 240, మొత్తం 330 యూనిట్లు, బిల్లు రెండు వేలు దాటుతది. అందుకే మార్చిలనే స్లాబ్ మీద సున్నం గాని తెల్ల కూల్ రూఫ్ పెయింట్ గాని వేయించుండ్రి. తెలంగాణ ప్రభుత్వం 2023ల కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడ ఇందుకే. సున్నం వేసినంక ఒక వారం ఆగి చూడుండ్రి, కొందరికి కూలర్‌తోనే గడిచిపోతది.

పెంకుటిల్లు, రేకుల ఇల్లు ఉన్నోళ్లకు సూటిగ చెప్త: వద్దు. పెంకుల సందుల నుంచి చల్లటి గాలి పోతనే ఉంటది, మిషన్ ఆగదు. ఒక్క రూముకు ఫాల్స్ సీలింగ్ చేయించి, తలుపు కిటికీల సందులు మూసినంక ఆలోచించుండ్రి. అద్దె ఇంట్ల ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు, గోడకు రంధ్రం పెట్టేముందు ఇంటి ఓనర్‌ను అడుగుండ్రి. ఇల్లు మారినప్పుడు విప్పుడు, బిగించుడు, గ్యాస్ ఖర్చు మళ్ల మీదనే.

మన ఊరి సంగతులు ఇంకో రెండు. సుల్తానాబాద్ చుట్టు రైస్ మిల్లులు. ఊక దుమ్ము, బూడిద బయటి యూనిట్ జాలికి పట్టిందంటే వేడి బయటికి పోదు, కరెంటు ఎక్కువ తాగుతది. మిల్లుల దగ్గర ఇల్లుంటే ఏడాదికి ఒక సర్వీస్ సరిపోదు. రెండోది కోతులు. నవ్వకుండ్రి! పైపుల మీది నల్ల స్పాంజ్ గుంజి పీకుతయి, వైర్లు ఊగులాడిస్తయి. బయటి యూనిట్‌కు ఇనుప జాలి, పైపులకు గట్టి కేసింగ్ ఖర్చు ముందే లెక్కల వేసుకోండ్రి.

వైరింగ్ విషయంల మాత్రం పైసలు మిగిలించకుండ్రి. ఏసీకి మీటర్ నుంచి వేరే లైన్, ఒకటిన్నర టన్నుకు 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, వేరే ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలె. పాత ప్లగ్గుకు తగిలిస్తే వైరు కాలే ప్రమాదం ఉంది. మీ కనెక్షన్ లోడ్ ఒక కిలోవాటే ఉంటే కరెంటు ఆఫీసుల అప్లికేషన్ పెట్టి పెంచుకోండ్రి.

చివరికి చలికాలం. హాట్ అండ్ కోల్డ్ ఏసీ అదే మిషన్‌ను ఉల్టా నడిపిస్తది, బయటి వేడిని లోపలికి తెస్తది. రూమ్ హీటర్ ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తే, ఇది సుమారు మూడు ఇస్తది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు రాత్రిళ్లు సింగిల్ డిజిట్‌కు పడిపోతయి, ముసలోళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంటికి అక్కడ అర్థం ఉంది. సుల్తానాబాద్‌ల మాత్రం ఆ కొన్ని రాత్రుల కోసం ఎక్కువ ధర పెట్టుడు నాకైతే దండగ అనిపిస్తది. ఆ పైసలతోని స్లాబ్‌కు తెల్ల పెయింట్ వేయించుకోండ్రి.