తలకు పట్టిన నలుపు

ఖమ్మం దాటి భద్రాచలము వైపు పోవు అడవులలో కరక చెట్లు కలవు. గిరిజనులు ఏరి తెచ్చు కరక్కాయలో టానిను మెండు. దాని కషాయము ఇనుప మూకుడులో నిలువ ఉన్నచో ఇనుముతో కలిసి నల్లబడును. పూర్వము సిరా చేసినది ఇట్టి నలుపుతోనే. నిమ్మరసములోని ఆమ్లము ఆ ఇనుమును తనవైపు లాగుకొనుటచే ఈ మరక కొంత వదలును.

అంగడిలో కొను తలరంగు సంగతి వేరు. అందలి పారాఫినైలిన్ డయమిన్ అణువులు చిన్నవి. వెంట్రుక పైపొలుసులను దాటి లోపలికి దూరును. 1818లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తెనార్ కనుగొనిన హైడ్రోజన్ పెరాక్సైడు వాటిని అక్కడనే ఆక్సీకరించగా, ఒకదానితోనొకటి కూడి పెద్ద రంగు అణువులగును. చిన్నవై పోయినవి పెద్దవై వచ్చిన దారిన రాలేవు. కుంకుడు రసము ఎంత రుద్దినను మురికి పోవునే గాని నలుపు పోదు. నిమ్మ కూడ ఇక్కడ నిష్ప్రయోజనమే.

రంగు తీయు మందులలో క్షయకరణి ఉండును. అది రంగును వర్ణహీనము చేయును. కాని చాలసేపు నీటితో కడుగకున్నచో గాలిలోని ఆక్సిజన్ సోకి నలుపు మరల తేలును. మందు పనిచేయలేదని తలచి చాలమంది మరల పూయుదురు. లోపము మాత్రము కడుగుటలోనిది!

పెరాక్సైడుతో తెల్లబరచుట మరింత మొరటు పని. అది సహజమైన మెలనిన్‌ను, వెంట్రుక బలమును కూడ చెరచును. లోహ లవణములున్న రంగు పూసిన తలపై వాడినచో వేడి పుట్టి వెంట్రుకలు తెగవచ్చును. మాడు మండినవారు, ముఖము వాచినవారు వెంటనే వైద్యుని చూడవలెను. ఈ రంగు కడుపులోనికి పోయినచో ప్రాణాపాయము.

వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును. తొందర లేనివారు కత్తిరించుకొనుచు పోవచ్చును.