పాలజ్వరంలో జ్వరం ఉండదు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు "గేదెకు జ్వరమండీ" అన్న మాట మేము తరచు వింటుంటాము. మేత మాని పడుకున్న ప్రతి పశువుకూ మన వాడుకలో జ్వరమే. పాలజ్వరం విషయంలో ఈ మాట ప్రాణం మీదికి తెస్తుంది. ఇందులో ఒళ్ళు కాలదు, చల్లబడుతుంది. చెవులు తాకితే తెలుస్తుంది. ఈనిన 72 గంటలలోపు, బాగా పాలిచ్చే పశువులకే, అందునా 3వ ఈత మొదలుకొని హెచ్చుగా వస్తుంది. జున్నుపాలలోకి కాల్షియం పోయి, రక్తంలో తగ్గిపోవడమే కారణం. పశువు మెడను డొక్క వైపు తిప్పి పడుకుంటుంది. జ్వరం మాత్రలు పనిచేయవు. కషాయాలు అసలే పోయరాదు, మంచి ఉద్దేశంతోనే పోస్తారు గాని, మింగలేక ఊపిరితిత్తులలోకి పోతాయి. డాక్టరుగారు నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా పశువులు కొద్ది గంటలలోనే లేస్తాయి. కబురు చేసేటప్పుడు "జ్వరం" అనక, "ఈనింది, చల్లబడింది, లేవడం లేదు" అని చెప్పండి.