దుప్పి మదకాలమునకు పంచాంగ మున్నదా?

ఐరోపా, అమెరికా ఖండములలోని వేటకాండ్ర కొక లెక్క కలదు. ఎఱ్ఱజింక సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మదించును. అమెరికా ఉత్తరభాగమున తెల్లతోక జింకకు నవంబరు నడిమి దినములు మదకాలము. ఏటేటా ఈ లెక్క పెద్దగా తప్పదు. దీనికి కారణము చలియు కాదు, చంద్రుడును కాడు. పగటికాలము కురచ యగుటయే. తగ్గుచున్న వెలుగును కన్ను గ్రహింపగా, మెదడు దేహమును మదమునకు సిద్ధపరచును. శీతదేశమున పిల్ల పచ్చిక మొలచు వేళకు పుట్టవలెను. లేనిచో బ్రతుకుట కష్టము. పౌర్ణమిని బట్టి మదము ముదురునని నమ్మి, ఆ దినములకు సెలవు పెట్టుకొను వేటకాండ్రు అచ్చట నేటికిని కలరు. శాస్త్రజ్ఞులు గర్భస్థ శిశువుల వయస్సును కొలిచి, వెనుకకు లెక్కించి చూచినపుడు ఆ నమ్మకము నిలువలేదు.

ఈ లెక్క ఓరుగంటి అడవులలో పనికిరాదు. జనగామ వైపు రాతిగుట్టలు, మెట్టపొలములే హెచ్చు. దుప్పికి నెలవైన అడవి తూర్పున, ఉత్తరమున నున్నది: కాకతి గణపతిదేవుని కాలమునాటి పాకాల చెరువు నుండి మహబూబాబాదు జిల్లాలోని గూడూరు, కొత్తగూడల దాక నొకటి, భూపాలపల్లి జిల్లాలో గోదావరి వెంబడి మహదేవపూర్ వైపు నొకటి. ఇచ్చట మిక్కిలి దీర్ఘమైన పగటికిని మిక్కిలి కురచ పగటికిని నడుమ భేదము రెండు గంటలకు కొంచెము మించును, అంతే. స్కాట్లండులో నది పది గంటలకు పైమాట. ఇంత స్వల్పభేదముతో దుప్పికి గడియార మెట్లు నడచును?

కావుననే ఒక్క మందలోనే గట్టికొమ్ముల పోతును, నూగుతోలు కప్పిన లేతకొమ్ముల పోతును, కొమ్ములూడిన పోతును కలసి మేయుచుండును. ఒక్కొక్క పోతు లెక్క దానిదే. ఆడదియు ఏ ఋతువునందైనను ఎదకు రాగలదు. అయినను ముమ్మరమైన కాల మొకటి లేకపోలేదు. 1963 మొదలు 1965 వరకు మధ్యప్రదేశములోని కాన్హా అడవిలో పరిశీలనలు జరిపిన జార్జి షాలర్, దుప్పి మదము వేసవిలోనే ముదురునని గుర్తించెను. కడితి తీరు వేరు. అది చలికాలపు జంతువు. బురదలో పొరలి, ఒంటరిగా తిరిగి, తొలకరి నాటికి పిల్లను చూచును.

తేదీ చెప్పలేనిచో అడవి నెఱిగినవాడు దేనిని చూచును? గుర్తులను చూచును. కొమ్ముల తోలును రాచి యూడ్చుటచే బెరడు చీలిన మ్రాకులు, వేకువను మెడ చాచి పోతు పెట్టు బొంగురుకేక, వెనుకకాళ్లపై లేచి కొమ్మలను కొమ్ములతో తట్టుట - ఇవియే దాని పంచాంగము. ఇప్పపూలు రాలి, వాగులు మడుగులై, మడుగులు బురదలగు దినములలో ఈ గుర్తులు హెచ్చగును.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. మదించిన పోతు మేత మరచును, జాగ్రత్త మరచును. అదే కాలమున నీరు కొన్ని చోట్లనే మిగులును. పొంచి యుండువానికి రెండును కలసివచ్చును. భారతమున పాండురాజు చేసిన తప్పిదము ఇట్టిదే. మృగమును చంపినందుకు కాదు, జంటగూడిన వేళ చంపినందుకే కిందముడు శపించెను. వేట రాజధర్మమని వాదించిన రాజునకు ముని చెప్పిన సమాధానము నేటి చట్టము కన్నను సూక్ష్మమైనది.

చట్టము సంగతి సులభము. పాకాల, ఏటూరునాగారముల అభయారణ్యములు 1950ల తొలినాళ్లవి. (ఏటూరునాగారము 2016లో భూపాలపల్లి జిల్లాకును, 2019లో ములుగు జిల్లాకును చేరినది, దుప్పులకు మాత్రము సరిహద్దు మారలేదు.) 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించెను. అయినను ఉచ్చులు ఆగలేదు, విద్యుత్తీగలు ఆగలేదు. 2017 మార్చిలో మహదేవపూర్ అడవిలో జరిగిన దుప్పులవేట రాష్ట్రమంతట చర్చకు వచ్చినది. నెలను గమనింపుడు, వేసవి వాకిట నున్న నెల.

ఒకప్పుడు తుపాకికి త్రోవ చూపిన ఈ తెలివి నేడు నీటితొట్లను ఎచ్చట నింపవలెనో, రాత్రి గస్తీ ఎచ్చట తిరుగవలెనో చెప్పుటకు పనికివచ్చును. వేసవితో నీ పని తీరిపోదు. దుప్పి గర్భము సుమారు ఎనిమిది నెలలు. వైశాఖమున జంటగూడిన ఆడది శ్రావణ భాద్రపదములలో, పచ్చిక మోకాలి యెత్తు పెరిగి ఉచ్చు కంటికి కనబడని దినములలో, గర్భిణియై తిరుగుచుండును.