కృష్ణబిలం చిత్రం: చూపెంత? ఊహెంత?

కొద్దికాలం క్రితం ఒక సాహిత్య పాఠశాలలో వాస్తవికత గురించి మాట్లాడుతున్నాను. రచయిత ఊహ జీవిత వాస్తవానికి లోబడి ఉండాలని నేను అంటుండగా ఒక విద్యార్థి లేచాడు. ‘‘మాస్టారూ, వెలుతురును కూడా బయటికి రానివ్వని కృష్ణబిలాన్ని ఫొటో తీశామంటున్నారు. కనపడని దానికి ఫొటో ఏమిటి? మేం ఊహించి రాస్తే కల్పన, వాళ్ళు ఊహించి గీస్తే వాస్తవమా?’’ అన్నాడు. సభ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. తెలుగు ఎం.ఏ. చదివి హైస్కూల్లో పాఠాలు చెప్పుకునే నా దగ్గర ఆ రోజు జవాబు లేదు. తర్వాత దొరికినంత చదివాను. చదివినకొద్దీ ఆ ప్రశ్నకు సాహిత్యంతోనూ పని ఉందనిపించింది.

ముందు వస్తువేమిటో స్పష్టం చేసుకుందాం. అపారమైన ద్రవ్యరాశి చిన్న చోట కుదించుకుపోయినప్పుడు దాని చుట్టూ ఒక హద్దు ఏర్పడుతుంది. ఆ హద్దు దాటి లోపలికి పోయిన వెలుతురు తిరిగి రాదు. సూర్యుడికి లక్షల రెట్లు, కోట్ల రెట్లు ద్రవ్యరాశి గల ఇలాంటి కృష్ణబిలాలు చాలా గెలాక్సీల నడిబొడ్డున ఉన్నాయి. కన్యారాశి దిక్కున 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎం87 అనే గెలాక్సీ ఉంది. దానిలోని కృష్ణబిలం 650 కోట్ల సూర్యులకు సమానం. హద్దు లోపలిది ఎవరికీ కనపడదు. హద్దు వెలుపల సుడి తిరిగే వాయువు కాగిపోయి రేడియో తరంగాలను వెదజల్లుతుంది. ఆ తరంగాలలో కొన్నిటి దారిని కృష్ణబిలం వంచుతుంది, కొన్నిటిని మింగుతుంది. ఫలితంగా ఒక వెలుగు వలయం, నడుమ చీకటి ఏర్పడతాయి. ఆ చీకటి అసలు హద్దుకు సుమారు రెండున్నర రెట్లు ఉంటుంది. 2019 ఏప్రిల్ 10న ప్రపంచం చూసింది ఈ నీడనే.

ఆ నీడ మనకు ఎంత చిన్నదంటే, చంద్రుడి మీద పెట్టిన బత్తాయి పండును భూమి మీద నుంచి పోల్చుకోవడం ఎంతో, దీన్ని పోల్చుకోవడమూ అంతే. టెలిస్కోపు చూపులోని సూక్ష్మత రెండింటి మీద ఆధారపడుతుంది: అందుకునే తరంగం ఎంత పొట్టిది, దాన్ని అందుకునే పళ్ళెం ఎంత వెడల్పు. ఇక్కడ పట్టుకున్నవి 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలు. వాటితో ఇంత చిన్నదాన్ని చూడాలంటే భూగోళమంత పళ్ళెం కావాలి. అలాంటిది ఎవరూ కట్టలేరు.

అందుకే చాలా చోట్ల ఉన్న పళ్ళేలను కలిపారు. 2017 ఏప్రిల్‌లో హవాయి, ఆరిజోనా, మెక్సికో, స్పెయిన్, చిలీ, దక్షిణ ధ్రువం, ఈ 6 చోట్ల ఉన్న 8 టెలిస్కోపులు కలిసి పనిచేశాయి. ఈ కూటమి పేరు ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్. ఎం87 దక్షిణ ధ్రువానికి కనపడదు కనుక దాన్ని మిగిలిన 7 టెలిస్కోపులు 4 రోజులు చూశాయి. ప్రతి చోటా ఒక పరమాణు గడియారం వచ్చిన తరంగాలకు వేళ గుర్తు వేసింది. ఒకే అల ఒక చోటికి ఎప్పుడు చేరింది, మరో చోటికి ఎంత తేడాతో చేరింది అన్నదే ఇందులో అసలు కొలత. సుమారు 5 పెటాబైట్ల సమాచారం, అంటే 50 లక్షల గిగాబైట్లు, ఇంటర్నెట్‌లో పంపలేక హార్డు డిస్కులలో నింపి విమానాల మీద అమెరికాలోని హేస్టాక్‌కూ జర్మనీలోని బాన్‌కూ చేర్చారు. దక్షిణ ధ్రువం డిస్కులు అక్కడి శీతాకాలం ముగిసి విమానాలు తిరిగేదాకా నెలల తరబడి ఆగాయి. ఈ పనిలో 200 మందికి పైగా పరిశోధకులు ఉన్నారు.

ఇంత చేసినా ఆ భూగోళమంత పళ్ళెంలో నిజంగా ఉన్నవి అయిదారు చుక్కలే. భూమి తిరుగుతున్నకొద్దీ చుక్కలు గీతలుగా సాగి కొంత ఖాళీ పూడుతుంది, చాలా ఖాళీ మిగులుతుంది. విద్యార్థి అన్న ‘ఊహ’కు చోటు ఇక్కడే. దీన్ని నాకు తెలిసిన పని ద్వారా అర్థం చేసుకున్నాను. చెదలు తిన్న తాటాకు ప్రతిలో పద్యపాదం సగం పోయిందనుకోండి. పరిష్కర్త ఆ గ్రంథపాతాన్ని పూరిస్తాడు, కానీ తనకు తోచిందల్లా రాయడానికి వీల్లేదు. గణాలు సరిపోవాలి, యతి చెల్లాలి, ప్రాస కుదరాలి, కవి నుడికారం చెడకూడదు. అప్పటికీ రెండు మూడు పూరణలు సాధ్యమే. అప్పుడతను వేరే ప్రతులు తెప్పించి చూస్తాడు. శాస్త్రజ్ఞులదీ ఇలాంటి పూరణే. ఒకే కొలతలకు ఎన్నో బొమ్మలు సరిపోతాయి. వాటిలో దేన్ని నమ్మాలి?

ఇక్కడ వాళ్ళు పాటించిన క్రమశిక్షణను విమర్శకులు గమనించాలి. వలయం ఉంటుందని సిద్ధాంతం ముందే చెబుతోంది. కాబట్టి చూడదలచుకున్నదే కనపడే ప్రమాదం ఉంది. 2018లో బొమ్మ తయారుచేసేవాళ్ళు 4 జట్లుగా విడిపోయారు. ఒక జట్టుకు వచ్చినది మరో జట్టుకు తెలియనివ్వలేదు. వాడిన పద్ధతులూ ఒకటి కావు. కొన్ని వారాల తర్వాత బొమ్మలను పక్కపక్కన పెడితే నాలుగింటిలోనూ వలయమే ఉంది. అంతటితో తృప్తిపడలేదు. వలయం, నెలవంక, నడుమ ఖాళీయే లేని బిళ్ళ వంటి కృత్రిమ రూపాలను తయారుచేసి, వాటిని ఈ టెలిస్కోపులు చూసి ఉంటే ఏ కొలతలు వచ్చేవో లెక్కకట్టి, తమ పద్ధతులకు పరీక్షగా పెట్టారు. బిళ్ళను ఇస్తే వలయాన్ని పుట్టించే పద్ధతికి పనికిరానిదని పేరు.

అయినా సందేహం తలెత్తింది. బహిరంగంగా ఉంచిన ఆ కొలతలనే తీసుకుని జపాన్ పరిశోధకులు కొందరు, వలయం కొలతల్లోని ఖాళీల వల్ల పుట్టిందని 2022లో వాదించారు. కూటమి అంగీకరించలేదు. ఇలాంటి వివాదంలో మరో ప్రతి కావాలి. 2018లో గ్రీన్‌లాండ్ టెలిస్కోపు కూడా చేరగా ఎం87ను మళ్ళీ చూశారు. ఆ ఫలితం 2024 జనవరిలో వెలువడింది. వలయం పరిమాణం మారలేదు. దానిలో ఎక్కువ వెలిగే భాగం మాత్రం సుమారు 30 డిగ్రీలు పక్కకు జరిగింది. ద్రవ్యరాశి మారలేదు కనుక నీడ మారలేదు. వాయువుకు నిలకడ లేదు కనుక వెలుగు జరిగింది.

మన పాలపుంత నడుమ, ధనూరాశి దిక్కున 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో 40 లక్షల సూర్యుల ద్రవ్యరాశితో మరొకటి ఉంది. దాని చిత్రం 2022 మే 12న వచ్చింది. దగ్గరిదే అయినా ఇది మరింత కష్టపెట్టింది. చిన్నది కావడం వల్ల దాని చుట్టూ వాయువు నిమిషాలలో తిరిగివస్తుంది. చూస్తుండగానే రూపం మారిపోతుంది. అందువల్ల వేలాది బొమ్మల సగటును, సగటు అని చెప్పి మరీ ప్రకటించారు.

మన కవితలలో కృష్ణబిలం ఇప్పటికే అరిగిపోయిన ప్రతీక. అన్నీ మింగే నోరు అని రాస్తున్నాం. ఎం87 నడిబొడ్డు నుంచి వేల కాంతి సంవత్సరాల పొడవున పదార్థం చిమ్ముతోంది. ఆ కిరణాన్ని హీబర్ కర్టిస్ 1918లోనే నమోదు చేశాడు. అగ్నివలయం అని రాస్తున్నాం. రేడియో తరంగాలకు మన కంటికి తెలిసే రంగు లేదు. తీవ్రత తెలపడానికి ఆ నారింజ రంగు వాళ్ళు వేశారు. వస్తువు తెలియకుండా వాడిన ప్రతీక పాఠకుణ్ణి ఎక్కడికీ తీసుకుపోదు.

ఆ విద్యార్థి మళ్ళీ కలిస్తే ఇలా చెబుతాను: వాళ్ళూ ఊహించారు నాయనా. అయితే తమ ఊహ తప్పని తేలే దారులను తామే తెరిచిపెట్టారు. మనం సృష్టించిన పాత్రకు, మనం ఇచ్చిన తీర్పుకు అలాంటి పరీక్ష ఏదైనా పెట్టుకున్నామా? ఈ ప్రశ్న ముందు నాకే వర్తిస్తుంది. నమ్మిన సిద్ధాంతాన్ని కథలో వెతికి, దొరికిందని రాసిన సమీక్షలు నావీ ఉన్నాయి. బిళ్ళను చూసి వలయం అన్నానేమో, వాటిని మళ్ళీ చదువుకోవాలి.