మంచం కింది నిచ్చెన

న్యూజెర్సీలో మా చెల్లెలిది చెక్క ఇల్లు. పడక గదులు మేడ మీద. చెల్లి మంచం కింద, ఇండియాకి తెచ్చే సూట్‌కేసులకీ చలికోట్ల మూటకీ మధ్య ఒక అట్టపెట్టె ఉంటుంది. ఇల్లు కొన్న కొత్తలో ఎవరో చెప్తే కొన్నారట, సీలు కూడా విప్పలేదు. నేను వెళ్లినప్పుడు తొమ్మిదేళ్ల మేనకోడలు దాన్ని ఈడ్చుకొచ్చింది. "మామయ్యా, స్కూల్లో ఫైర్ డ్రిల్ చేశాం. ఇది వేసి చూద్దామా?" అంది.

పెట్టెలోంచి వచ్చినదాన్ని చూస్తే నిచ్చెన అనిపించలేదు. పాత ఇనుప సామాన్ల కొట్లో కట్టగట్టి పెట్టిన సరుకులా ఉంది. పైన వంపు తిరిగిన రెండు ఉక్కు కొక్కేలు, వాటికి రెండు నైలాన్ పట్టీలు, పట్టీల మధ్య సన్నటి ఉక్కు మెట్లు. పొడవు 13 అడుగులు, బరువు పసిపిల్లంత. కిటికీ అద్దం పైకి లేపి, కొక్కేలు గోడకి తగిలించి, కట్టు ఊడదీస్తే మెట్లన్నీ గలగలమంటూ ఒకదాని వెనక ఒకటి జారి కింద గడ్డిదాకా వెళ్లిపోయాయి. నిమిషం పట్టలేదు. నేను హుషారుగా కిటికీ మీదుగా ఒక కాలు బయట వేశాను. రెండో కాలు రానంది.

కిటికీలోంచి దిగడమంటే ముందు ప్రపంచానికి వీపు చూపించాలి. బోర్లా పడుకున్నట్టు గట్టు మీద పొట్ట ఆనించి, కాళ్లు బయటికి వదిలి, కనపడని మెట్టు కోసం బొటనవేలితో వెతుక్కోవాలి. మొదటి మెట్టు గట్టుకి చాలా కింద ఉంటుంది. అది దొరికేదాకా మనిషి ఇంట్లోనూ లేడు, నిచ్చెన మీదా లేడు. పగటిపూట, నిప్పూ పొగా లేకుండా, కింద బావగారు రెండు చేతులూ చాచి నిలబడి ఉండగా, నాకు చెమటలు పట్టాయి.

దీని వెనక ఉన్న లెక్క కొంచెం చెప్పాలి. వెదురు నిచ్చెన గోడకి ఏటవాలుగా ఆని ఉంటుంది, మన బరువు కాళ్ల మీద పడుతుంది. వేలాడే నిచ్చెనకి ఆ ఏటవాలు లేదు. కాలు మోపగానే మెట్టు ముందుకి జరుగుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, బరువంతా చేతుల్లోకి వచ్చేస్తుంది. తాటిచెట్టు మీద గీత కార్మికుడు కూడా వెనక్కే వాలతాడు, కానీ అతని నడుము చుట్టూ మోకు ఉంది. బరువు మోకు మోస్తుంది కనక చేతులు కల్లు గీసుకుంటాయి. నిచ్చెన దిగేవాడికి మోకు లేదు, పిడికిలే మోకు. పోనీ నిచ్చెన గోడని అంటిపెట్టుకుని ఉంటే ఊగదు కదా అంటే, అప్పుడు మెట్టుకీ గోడకీ మధ్య కాలివేళ్లు దూరే సందు ఉండదు. అందుకే ఈ నిచ్చెనల మెట్లకి వెనక వైపు చిన్న ఉక్కు కాళ్లు పెడతారు. గోడని తన్నిపట్టి మెట్టుని కాస్త దూరంలో ఉంచడమే వాటి పని. ఈ యంత్రంలో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను కొక్కేలని కాదు, ఆ పొట్టి కాళ్లని చూపిస్తాను.

మంచం కిందకి చేరకముందు ఈ నిచ్చెన చాలాకాలం వీధిలో కాపురం చేసింది. 1830ల లండన్‌లో మంటలార్పే బండ్లకి కొదవలేదు. కానీ అవి బీమా కంపెనీలవి. వాటిలో చాలా కంపెనీలు 1833లో తమ దళాలని కలిపి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అనే ఆయన చేతికి అప్పగించాయి. ఆస్తికి బీమా ఉంది కాబట్టి ఆస్తిని కాపాడడం వాళ్ల వ్యాపారం. మూడో అంతస్తు కిటికీలో నిలబడి అరిచే మనిషి ఎవరి ఖాతాలోనూ లేడు. ఆ లోటు పూడ్చడానికి 1836లో చందాలతో ఒక సంఘం పుట్టింది. దాని పనులు చూసేందుకు నియమించినవాడు ఇంజనీరు కాదు. విగ్గులు అల్లడం నేర్చుకుని, క్షౌరశాల నడిపి, తర్వాత బొమ్మలు గీసి బతికిన ఏబ్రహం వైవెల్. లండన్‌లో ఒక కుట్ర కేసు ముద్దాయిల ముఖాలు గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు.

వైవెల్ కట్టింది చక్రాల మీద నడిచే పెద్ద నిచ్చెన. ముప్పై అడుగులు దాటిన ప్రధాన నిచ్చెన, పైన మడత విప్పితే ఇంకొంత ఎత్తు అందుకునే మరో నిచ్చెన. అసలు గమ్మత్తు దాని పొట్ట కింద ఉంది. ప్రధాన నిచ్చెన పొడవునా ఓడ తెరచాప గుడ్డతో కుట్టిన ఒక గొట్టం. నిచ్చెన దిగలేని ముసలివాళ్లనీ, పిల్లలనీ, స్పృహ తప్పినవాళ్లనీ ఆ గొట్టంలోకి జార్చేస్తే చాలు, కింద తేలతారు. గుడ్డ కాలిపోతే? దాన్ని పటిక నీళ్లలో నానబెట్టేవారు. కింది వైపు రాగితీగ వల కూడా తొడిగారు, జారే మనిషి బరువుకి గుడ్డ సాగేందుకు మధ్యలో ఎడం వదిలి మరీ. కిటికీలోంచి దిగడంలో కష్టం చేతులదీ గుండెదీ అని గ్రహించి, ఆ రెండింటి అవసరమే లేకుండా చేసిన ఆ మంగలి చిత్రకారుడి మీద నాకు మహా గౌరవం.

ఈ బండ్లని వీధి మలుపుల్లో నిలిపి, ఒక్కోదానికి రాత్రంతా ఒక మనిషిని కాపలా పెట్టారు. కేక వినపడగానే దారినపోయేవాళ్ల సాయంతో తోసుకుంటూ పరిగెత్తాలి. వైట్‌చాపెల్‌లో కాపలా కాసిన శామ్యూల్ వుడ్ అనే అతను ఎందరి ప్రాణాలో కాపాడాడు. ఆ ఘనతలో సగం బిల్ అనే తన కుక్కదే అనేవాడు. బిల్ నిచ్చెన ఎక్కి, యజమాని వెనకే కిటికీలోంచి పొగలోకి దూకి, మనుషులు ఎక్కడున్నారో మొరిగి చెప్పేదట. పేటవాసులు దాని మెడకి వెండి పట్టీ చేయించారు. వైవెల్ మాత్రం 1841లో ఉద్యోగం వదిలి బర్మింగ్‌హామ్ వెళ్లి, 1849లో అక్కడే పోయాడు. 1867లో నగర ఫైర్ బ్రిగేడ్ ఆ నిచ్చెన బండ్లన్నిటినీ తన చేతిలోకి తీసుకుంది. మనిషి ప్రాణం ప్రభుత్వ ఖాతాలోకి ఎక్కడానికి ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట.

అమెరికాలో కథ వేరే దారి పట్టింది. 1860 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఎల్మ్ వీధిలో పేదల అద్దె ఇల్లు ఒకటి అంటుకుంది. ఫైర్ వాళ్ల నిచ్చెనలు పై అంతస్తులకి అందలేదు. ఆ ఏడే చట్టం వచ్చింది, ఎనిమిది కుటుంబాలకి మించి ఉండే ఇళ్లకి కాలని మెట్లో, బయట ఇనుప బాల్కనీలో ఉండాలని. నిచ్చెన వీధిలోంచి గోడమీదికి, చందాదారుల చేతుల్లోంచి ఇంటి యజమాని నెత్తిమీదికి మారింది. యజమాని వీలైనంత చవకలో కానిచ్చాడు. అద్దెకున్నవాళ్లు ఆ ఇనుప బాల్కనీల్లో పూలకుండీలు పెట్టుకున్నారు, వేసవి రాత్రులు పక్కలేసుకున్నారు. 1911 మార్చి 25న ట్రయాంగిల్ రవికెల ఫ్యాక్టరీలో, పదంతస్తుల భవనంలో పైమూడు అంతస్తుల్లో మంటలు లేచినప్పుడు, బయట ఉన్న ఒక్క ఇనుప మెట్లదారీ మనుషుల బరువుకి విరిగిపడింది. ఫైర్ నిచ్చెనలు ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయాయి. 146 మంది పోయారు, ఎక్కువమంది కుట్టుపని చేసే అమ్మాయిలు.

ఇంకో దారి హోటళ్లలో మొదలైంది. 1883 జనవరిలో మిల్వాకీలోని న్యూహాల్ హౌస్ హోటల్ తగలబడి డెబ్బై మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి హెర్మన్ స్టౌస్ అనే ఫైర్‌మ్యాన్ పక్క భవనం నుంచి సందుకి అడ్డంగా నిచ్చెన పడుకోబెట్టి, దాన్నే వంతెన చేసుకుని హోటల్ పనిపిల్లల్ని ఒక్కొక్కరినీ ఇవతలికి తెచ్చాడు. అలాంటి అగ్నిప్రమాదాల తర్వాత కొన్ని రాష్ట్రాలు హోటల్ గది గదికీ కిటికీ పక్కన తాడు ఉండాలన్నాయి. తాడు చవక, దాంట్లోనే తంటా. బావిలో చేద జారినప్పుడు అరచేయి ఎలా కాలుతుందో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడ జారేది మనిషే.

పేటెంట్ ఆఫీసుకి ఆ రోజుల్లో పండగే. 1879లో ఓపెన్‌హైమర్ అనే ఆయన నెత్తికి కట్టుకునే గొడుగు, దానికి జోడీగా మెత్తటి అడుగులున్న బూట్లు రిజిస్టరు చేయించాడు. కిటికీలోంచి దూకడమే తరువాయి! మెడ సంగతి ఆయన ఆలోచించినట్టు లేదు. 1887లో ఆనా కానెలీ అనే మహిళ మిద్దె మీంచి పక్క మిద్దెకి వేసుకునే కటకటాల వంతెనకి పేటెంటు తీసుకుంది. పైకి పారిపోవచ్చన్న ఊహ చాలా పెద్దది, ఎందుకంటే అప్పటిదాకా అందరి చూపూ కిందికే.

నన్నడిగితే ఈ చిక్కుని మర్యాదగా విప్పింది జపాన్. అక్కడి అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బాల్కనీ నేలలో ఒక మూత ఉంటుంది. మూత తీస్తే ముడుచుకున్న లోహపు నిచ్చెన జారి కింది ఇంటి బాల్కనీలో దిగుతుంది. కింది ఇంటి మూత అదే చోట ఉండదు, పక్కకి జరిపి ఉంటుంది. ఒకవేళ కాలు జారినా ఒక అంతస్తే, పాతాళం దాకా కాదు. కొన్ని భవనాల్లో నిచ్చెనకి బదులు తాడూ కప్పీ ఉంటాయి. కప్పీలో బ్రేకు ఉంటుంది, మనిషి లావైనా సన్నమైనా సెకనుకి 16 నుంచి 150 సెంటీమీటర్ల వేగంలోనే దించుతుంది. తాడు రెండు కొసలకీ నడుం పట్టీలు, ఒకరు దిగేసరికి రెండోది పైవాళ్ల చేతికి వస్తుంది. చట్టం అడిగేది పదో అంతస్తు దాకానే. ఆపైన ఇలాంటి సాధనాలు తప్పనిసరి కాదు.

ఇంట్లో పెట్టుకునే నిచ్చెన హద్దు అంతకన్నా తక్కువ. అంగట్లో దొరికేవి ముఖ్యంగా రెండు కొలతలు, 13 అడుగులూ 25 అడుగులూ. పెట్టె మీద రెండో అంతస్తు, మూడో అంతస్తు అని రాసుంటుంది. అమెరికావాళ్లు నేలనే మొదటిదిగా లెక్కేస్తారు కాబట్టి మన లెక్కలో అవి మొదటిదీ రెండోదీ. ఆ దేశంలో ఈ పెట్టెకి విలువ రావడానికి కారణం పెట్టెలో లేదు, గోడలో ఉంది. అక్కడి కొత్త ఇళ్లలో పడక గదికి మనిషి బయటపడగల కిటికీ ఒకటి ఉండి తీరాలి. తెరిస్తే 5.7 చదరపు అడుగుల సందు, వెడల్పు 20 అంగుళాలకీ ఎత్తు 24 అంగుళాలకీ తగ్గకూడదు, గట్టు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. కటకటాలు పెట్టుకుంటే లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి.

తాళంచెవి వెతుక్కునే వ్యవధి ఉండదు మరి. అమెరికన్ పరీక్షశాల యూఎల్ రెండు గదులు పక్కపక్కన తగలబెట్టి చూసింది. పాతకాలపు చెక్క, దూది సామాన్ల గది మొత్తం భగ్గుమనడానికి దాదాపు అరగంట పట్టింది. ఫోమ్ సోఫాలూ పాలిస్టర్ తెరలూ ఉన్న నేటి గదికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. అందులో పెట్టె లాగడం, కొక్కెం తగిలించడం, నా రెండో కాలు ఒప్పుకోవడం అన్నీ అయిపోవాలి. ఇంకో సంగతి, కిటికీ తెరిచే ముందు గది తలుపు మూయాలి. తలుపు వదిలేసి కిటికీ తీస్తే గది పొగగొట్టం అవుతుంది, వసారాలో ఉన్న పొగంతా మన మీదుగానే బయటికి దారి తీస్తుంది.

మన ఊళ్లలో ఆ పొగగొట్టం మెట్లదారే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్లో ఎనిమిది మంది, 2023 నవంబరులో హైదరాబాద్ బజార్‌ఘాట్ అపార్ట్‌మెంట్లో కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఒకచోట కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఇంకోచోట కింద రసాయనాల డబ్బాలు. మంట కింద పుట్టింది, పొగ మెట్ల వెంట పైకెక్కింది. హోటల్లో కొందరు కిటికీల్లోంచి దూకారు. బజార్‌ఘాట్‌లో ఫైర్ వాళ్లు నిచ్చెనలు వేసి కిటికీల నుంచి జనాన్ని దించారు.

చెల్లి బలవంతం మీద అలాంటి పెట్టె ఒకటి నా సామాన్లో హైదరాబాద్ చేరింది. మాది రెండో అంతస్తు, అందుకని 25 అడుగులది. ముందు గ్రిల్ సంగతి చూడాలని వెల్డింగ్ అతన్ని పిలిచాను. గ్రిల్‌కి చిన్న తలుపు, లోపల గడియ, తాళం వద్దు అన్నాను. టేపు చుట్టేస్తూ అతను అడిగాడు, "మీకు తలుపైతే దొంగకి కూడా తలుపే కదా సార్?" చెయ్యి పెడితే బయటినుంచి గడియ అందకుండా రేకు అడ్డం పెట్టి, వారంలో బిగించాడు.

ఆదివారం పొద్దున నిచ్చెన వేశాను. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, రెండువైపులా ప్లాస్టరింగు, కొక్కేలు బిగుతుగా పట్టాయి. కట్టు ఊడదీశాను. మెట్లు గలగలా జారి, సగం దారిలో ధబ్బుమని ఆగిపోయాయి. చెల్లి ఇంట్లో గోడ నున్నగా కిందిదాకా ఉంది. ఇక్కడ ప్రతి కిటికీ మీదా వానకి సజ్జ. మిగతా మెట్లన్నీ కింది ఫ్లాట్ సజ్జ మీద కుప్పగా పడ్డాయి.

కింది కిటికీ గ్రిల్ లోంచి పిన్నిగారి గొంతు వినిపించింది. "ఏం బాబూ, పైన ఏదో పడ్డట్టుంది?"

"నిచ్చెనండీ పిన్నిగారూ. నిప్పంటుకుంటే దిగడానికి."

"మా సజ్జ మీదికా? తర్వాత?"

గ్రిల్ తలుపులోంచి మెడ చాచి, నేనూ కిందికి చూశాను.